మా బావ కదిలిన శివరాత్రి

మా బావ జనార్దన్ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే నాకు ముందుగా వచ్చేది కోపం. ఇరవై రెండేళ్ళ నాటి కోపం అది, ఇంకా చల్లారలేదు. నేను ఆర్టీసీ కండక్టర్ని. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయే బస్సు నాది. ముందు తలుపు దగ్గర నుంచి వెనక సీటు దాకా, మళ్ళీ వెనక సీటు నుంచి ముందు తలుపు దాకా జనంలో ఈదుతూ నేను రోజూ నడిచే నడకకు బస్సు లేకుండానే సిరిసిల్ల చేరుకోవచ్చు. అలాంటి నాకు దొరికిన బావ, అవసరం లేనిదే కనురెప్ప కూడా కొట్టని మనిషి.

బద్ధకం అనుకునేరు. బద్ధకమైతే తిట్టి ఊరుకునేవాణ్ణి. బద్ధకస్తుడు పని తప్పించుకుంటాడు. మా బావ తన పని ఒక్కటి కూడా తప్పించుకోడు, కానీ తనది కానిదానికి ఒక్క అంగుళం జరగడు. పెళ్ళి రోజే ఈ సంగతి బయటపడాల్సింది. తలంబ్రాల వేళకు వాన అందుకుంది. షామియానా ఒక మూల కారడం మొదలైంది. నూట యాభై మంది కుర్చీలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు, పెళ్ళి చేస్తున్న అయ్యగారితో సహా. పెళ్ళికొడుకు మాత్రం పీట మీద అలాగే కూర్చున్నాడు. ఎందుకంటే పీట మీద వాన పడటం లేదు. మా అమ్మ గంగమ్మ అది చూసి, పిల్లగాడు ఎంత నిమ్మళంగా ఉన్నాడో అని మురిసిపోయింది. ఆ నిమ్మళం ఏమిటో మా అక్క రాజలక్ష్మికి నెల తిరక్కుండానే అర్థమైంది.

అప్పట్లో బావ సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒక్కొక్క కార్మికుడికి ఎనిమిది సాంచాలు. ఎనిమిదీ ఒకేసారి చెవులు చిల్లులు పడేలా మోగుతుంటాయి. మిగతావాళ్ళు ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ కండె అయిపోయిందో అని ప్రతి సాంచా మీదికీ వంగి చూస్తూ పొద్దస్తమానం తిరుగుతూనే ఉండేవారు. బావ మధ్యలో ఒక డబ్బా బోర్లించుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఎనిమిదింటిలో ఏ ఒక్కదాని మోత మారినా లేచి, నేరుగా దాని దగ్గరికే పోయి, పోగు ముడేసి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. సాయంత్రానికి ఆయన సాంచాల మీద బట్ట అందరికంటే రెండు మీటర్లు ఎక్కువే దిగేది. అయినా యజమానికి ఆ కూర్చోవడం చూస్తే కళ్ళలో కారం కొట్టినట్టుండేది. బట్ట సంగతి తర్వాత, పనిచేసేవాడు పనిచేస్తున్నట్టు కనపడాలి కదా. ఏళ్ళ తరబడి ఓర్చుకుని, ఇక చాలు పొమ్మన్నాడు.

తర్వాత మస్కట్‌లో తొమ్మిదేళ్ళు. అది బావకు స్వర్గం. ఒక పెద్ద భవనంలో కెమెరాల గదిలో కూర్చునే ఉద్యోగం దొరికింది. గోడ నిండా టీవీలు. వాటిలో ఏదైనా కదిలితే చూడాలి, కదలకపోతే చూడనక్కర్లేదు. ఇలాంటి ఉద్యోగం భూమ్మీద ఉంటుందంటే నేను చాలాకాలం నమ్మలేదు. చివరికి ఆ భవనం చేతులు మారింది, కొత్తవాళ్ళు తమ మనుషుల్ని పెట్టుకున్నారు, బావ పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చాడు. వచ్చిన రెండేళ్ళలో మూడు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. జగిత్యాలలో ఒక చీరల దుకాణంలో నేనే మాట్లాడి పెట్టించాను. వచ్చినవాళ్ళ మొహం చూసి, వీళ్ళు కొనేటట్టు లేరని తేల్చుకుంటే చీర మడత విప్పేవాడు కాదు. నిజం చెప్పాలంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు బావ అంచనా తప్పేది కాదట. ఆ దుకాణం యజమాని నాకు ఫోన్ చేసి, మీ బావను ఇంటికి తీసుకపో, లేకుంటే నాకు బీపీ వచ్చేటట్టుందన్నాడు.

వేములవాడలో సంజీవ్ అనే ఆయనకు గుడి దారిలో ఒక లాడ్జి ఉంది. నలభై ఎనిమిది గదులు. నేను మళ్ళీ కాళ్ళావేళ్ళా పడి బావను అక్కడ మేనేజరుగా పెట్టించాను. కౌంటర్లో కూర్చునే పని కాబట్టి బావకు నచ్చింది. రోజూ సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి పోయేవాడు, నా బస్సు దొరికితే నా బస్సులోనే. సీటు దొరికేదాకా నిలబడి, దొరికాక సిరిసిల్ల వచ్చేదాకా కన్ను తెరిచేవాడు కాదు.

లాడ్జిలో అప్పటికే రిజిస్టరు తీసేసి కంప్యూటర్ పెట్టారు. తెర మీద నలభై ఎనిమిది గళ్ళు, గదికొక గడి. ఎవరున్నారు, ఏ ఊరు, ఎప్పుడొచ్చారు అన్నీ గడిలోనే ఉండేవి. అక్కడ ఇరవై నాలుగు గంటల పద్ధతి. గడువు దాటితే గడి ఎర్రబడుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఏ ఒక్క గదిలో మనిషి మారినా నలభై ఎనిమిది గళ్ళూ ఒక్కసారి మాయమై, మళ్ళీ మొదటి నుంచి వచ్చేవి. ఆ క్షణంలో బావ ఎవరి పేరైనా కొడుతుంటే అది కూడా కొట్టుకుపోయేది. సోమవారం నాడు, అంటే జనం విరగబడే రోజున, ఒక్కొక్కరి పేరు నాలుగైదుసార్లు కొట్టాల్సి వచ్చేది. జీవితంలో దేనికీ చలించని మా బావకు మొదటిసారి కోపం వచ్చింది. మూడో అంతస్తులో ఎవరో గది ఖాళీ చేస్తే కింది అంతస్తులో గడి ఎందుకు ఉలిక్కిపడాలి అని ఆయన బాధ. నెల రోజులు నాతో అదే మాట. పాసింజర్లు టికెట్ల కోసం అరుస్తుంటే నా భుజం పట్టుకుని ఇదే గోల చెప్పేవాడు.

ఆయన బిడ్డ సౌమ్య జగిత్యాల దగ్గర ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఒక ఆదివారం ఇంటికొచ్చి, నాన్న పోరు పడలేక ఆ పేజీ లోపల ఏముందో విప్పి చూసింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆ పేజీని ముక్కలు ముక్కలుగా కట్టారని, ఒక్కో ముక్కను కాంపోనెంట్ అంటారని చెప్పింది. పైన ఒక పెద్ద ముక్క, దాని కింద నలభై ఎనిమిది చిన్న ముక్కలు. ఎక్కడ ఏ చిన్న మార్పు వచ్చినా పెద్ద ముక్క మళ్ళీ గీసుకుంటుంది, దాంతోపాటు కింద ఉన్నవన్నీ గీసుకుంటాయి. అలా కాకుండా, ప్రతి చిన్న ముక్కకూ ఒక ప్రశ్న తగిలించవచ్చట. నీకు సంబంధించిన సంగతులు ఇంతకుముందు ఎలా ఉన్నాయి, ఇప్పుడు ఎలా ఉన్నాయి, తేడా ఉంటే కదులు, లేకపోతే ఎవరు ఎంత గొడవ చేసినా ఉన్నచోటే ఉండు.

బావ కళ్ళు తుడుచుకున్నాడు. బావ కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

"గిదే బిడ్డా," అన్నాడు. "సాంచాల కాడ ముప్పై ఏండ్ల సంది నేను చెప్పింది గిదే. ఒక్కడు ఇన్లే."

ఆ రోజు నుంచి మా బావ చదువుకు కూర్చున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, సౌమ్య పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని, ఫోన్లో హిందీలో వచ్చే పాఠాలు వింటూ ఎనిమిది నెలలు. వెబ్ పేజీలు కట్టే విద్యలో వంద సంగతులుంటాయట. రంగులు, అక్షరాలు, బొమ్మలు, ఏది ఎక్కడ పెట్టాలి అనేవి అన్నీ. బావ వాటి జోలికి పోలేదు. అవి సౌమ్య చూసుకుంది. ఆయన నేర్చుకున్నది ఒక్కటే, ఏ ముక్క ఎప్పుడు కదలాలి, ఎప్పుడు కదలకూడదు. ఆ ఒక్కదాంట్లో మాత్రం మెలకువలన్నీ పట్టేశాడు. సంజీవ్ అనుమతి తీసుకుని తండ్రీబిడ్డలు పేజీ మొత్తం కొత్తగా కట్టారు. పెట్టిన రోజున నేను పోయి చూశాను. తెర నిండా నలభై ఎనిమిది గళ్ళు నిద్రపోతున్నట్టున్నాయి. ఇరవై ఆరులో ఎవరో దిగారు. ఇరవై ఆరో గడి మాత్రం ఒక్కసారి మెరిసింది, మిగతావాటికి చీమ కుట్టినట్టయినా లేదు. అచ్చం మా బావను నలభై ఎనిమిది ముక్కలు చేసి తెర మీద పెట్టినట్టుంది.

పక్క లాడ్జీల వాళ్ళు వచ్చి చూసిపోయారు. కోరుట్లలో ఒక డాక్టరు తన టోకెన్ల తెర అదేపనిగా మిణుకుమంటోందని కబురు చేశాడు. బావ పోయి రెండు రోజుల్లో దాన్ని నిలబెట్టి వచ్చాడు. ఆ దవాఖానలో ఆయన్ని అందరూ సార్ అన్నారు. ఆ మాట నేను అక్కకు చెబితే, ఎవరిని అని అడిగింది.

అక్కను తప్పుపట్టలేను. మూడు ఉద్యోగాలు పోవడం కళ్ళారా చూసింది. ఈ నాలుగోది కూడా పోతుందని ముందే అనుకుని, కోరుట్లలో లతీఫ్ భాయ్ అనే ఏజెంటు ద్వారా మస్కట్‌కు మళ్ళీ వీసా వచ్చేటట్టు చూసింది. వీసా వచ్చింది. శివరాత్రి అయిన మూడో రోజుకు టికెట్. అదే సమయంలో సంజీవ్ ఒక మాటన్నాడు. ఆయనకు ఇంకో రెండు లాడ్జీలున్నాయి. శివరాత్రి జాతర ఈ కొత్త పేజీతో గొడవ లేకుండా గడిస్తే బావ ఉద్యోగం పక్కా చేసి మూడు లాడ్జీల కంప్యూటర్లూ ఆయనకే అప్పగిస్తాడు. గొడవైతే పాత రిజిస్టరు, పాత మేనేజరు. అంటే జాతర సాఫీగా జరిగితే బావ ఇంట్లో ఉంటాడు, లేకపోతే విమానం ఎక్కుతాడు. బావకు పోవడం ఇష్టం లేదు. ఆ మాట నాతో పదిసార్లు అన్నాడు. నాకూ ఆయన పోవడం ఇష్టం లేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను, ఆయనకు మాత్రం చెప్పకండి.

ఇంత బాగా నడుస్తున్నదాన్ని అలా వదిలెయ్యవచ్చు కదా. బావ వదల్లేదు. జాతరకు వారం ముందు గళ్ళను మళ్ళీ తీసి చూసుకున్నాడు. కదలాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక్కో గడి ఆరు సంగతులు చూస్తోంది. గది నంబరు, పేరు, ఊరు, ఫోను, వచ్చిన గంట, ఎంతమంది అని. ఆరెందుకు, దండగ అనిపించింది ఆయనకు. గది నంబరు, మనిషి పేరు, ఈ రెండూ మారకపోతే ఏమీ మారనట్టే అని రాసిపెట్టాడు. సౌమ్య ఫోన్లో మొత్తుకుంది. వచ్చిన ప్రతివాళ్ళకూ కంప్యూటరు వేరే వేరే బుకింగ్ నంబరు ఇస్తుంది, చూస్తే దాన్ని చూడు నాన్నా అని. మనిషిని పేరు పెట్టి పిలుస్తాం గానీ నంబరు పెట్టి పిలుస్తామా అని బావ ఆ మాట కొట్టిపారేశాడు. అంతటితో ఆగలేదు. తెర నిమిషానికోసారి కొత్త వివరాలు తెచ్చుకోవడం కూడా ఎక్కువేనని దాన్ని అయిదు నిమిషాలకోసారి చేశాడు.

వేరే ఊళ్ళో అయితే ఈ లెక్క నడిచేదేమో. వేములవాడ రాజరాజేశ్వరుణ్ణి మేం రాజన్న అంటాం. పిల్లలు కలగకపోతే ఆయనకు మొక్కుతాం, కలిగితే ఆయన పేరే పెడతాం. కాబట్టి మా దిక్కు ఇంటికొక రాజేశం, వాడకొక రాజయ్య, రాజవ్వ, రాజమ్మ. మా అక్క రాజలక్ష్మి అయ్యింది కూడా అందుకే. నా బస్సులో రాజేశం అని పిలిస్తే డ్రైవర్ కూడా వెనక్కి తిరుగుతాడు. ఇక ఆ మొక్కు తీర్చుకోవడానికి వేములవాడకే వచ్చేవాళ్ళ పేర్లు వేరే చెప్పాలా. ఇదంతా మా బావకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసినదాన్ని కొత్తగా పట్టించుకునే అలవాటు ఆయనకు లేదు.

శివరాత్రి నాడు పొద్దున కోరుట్లలో అక్క నా బస్సెక్కింది. లతీఫ్ భాయ్ దగ్గర వీసా కాయితం, టికెట్ తీసుకుని వస్తోంది. దారి పొడుగునా కాయితాల కవరు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉంది. జాతర రోజు కాబట్టి మా బస్సు వేములవాడ దాకానే, తిరుగు ప్రయాణానికి గంటన్నర సమయం ఉంది. ఇద్దరం జనాన్ని తోసుకుంటూ లాడ్జికి చేరేసరికి పదకొండయింది. గేటు దగ్గర పండగ కోసం ఇంకో కౌంటర్ పెట్టారు. అక్కడ యాసర్ అని కోరుట్ల మనిషి, చేతిలో ఉన్న ఫోన్లోనే పోయేవాళ్ళ పేర్లు తీసేస్తూ, వచ్చేవాళ్ళ పేర్లు ఎక్కిస్తూ ఊపిరాడకుండా ఉన్నాడు. లోపల మా బావ తెర ముందు నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తల ఊపాడు.

అదే సమయంలో పదిహేడో గడి ఎర్రబడింది. రాజేశం, నిన్న వచ్చాడు, గడువు దాటింది. బావ పై అంతస్తులో గదులు చూసుకునే సంగీతకు ఫోన్ చేసి, పదిహేడు ఖాళీ చేయించమన్నాడు. కాసేపటికి ఇరవై రెండు ఎర్రబడింది, రాజవ్వ. తర్వాత ముప్పై ఒకటి, రాజయ్య. బావ ఒక్కోదానికి ఒక్కో ఫోన్ చేశాడు. గళ్ళు ఎంత బుద్ధిగా పనిచేస్తున్నాయో చూడు అన్నట్టు నావైపు చూశాడు కూడా.

జరిగిందేమిటంటే, నిన్నటి రాజేశం పొద్దున్నే గేటు దగ్గర తాళం చెవి ఇచ్చి మెట్‌పల్లి పోయాడు. ఆ వెనకే ఇబ్రహీంపట్నం నుంచి ఇంకో రాజేశం, కొడుకు పుట్టువెంట్రుకల కోసం ఇంటిల్లిపాదితో వచ్చాడు. యాసర్ ఒకరిని తీసేసి ఒకరిని ఎక్కించడం రెండు నిమిషాల్లో అయిపోయింది. అయిదు నిమిషాలకోసారి కళ్ళు తెరిచే బావ తెర, తెరిచి చూసుకుంది. మునుపు పదిహేడు, రాజేశం. ఇప్పుడు పదిహేడు, రాజేశం. ఏమీ మారలేదు, కదలక్కర్లేదు. గడిలో పోయిన రాజేశం వచ్చిన గంటే ఉండిపోయింది. ఇరవై రెండులోనూ, ముప్పై ఒకటిలోనూ ఇదే కథ.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది మెట్ల మీది నుంచి వచ్చిన గోల ఒక్కటే. మూడు గదుల జనం ఒకేసారి కిందికి దిగారు. ఇరవై రెండో గది రాజవ్వ చేతిలో సగం కట్టిన పూలదండ ఉంది. ముప్పై ఒకటో గది రాజయ్య భుజాన తువ్వాలు, నోట్లో పళ్ళపుల్ల. అందరికంటే ముందు పదిహేడో గది రాజేశం తల్లి సత్యవ్వ. తల నిండా షాంపూ నురగ. స్నానం మధ్యలో తలుపు కొట్టి గది ఖాళీ చెయ్యమంటే ఆమె నురగతోనే వచ్చేసింది. వచ్చి కౌంటర్ ఎదురుగా నేల మీద చతికిలబడింది. సంగతి తేలేదాకా ఇక్కడి నుంచి కదలనన్నది. సరిగ్గా అప్పుడే సంజీవ్ గేటులో అడుగుపెట్టాడు. అక్క చేతిలో కవరు నలగడం నేను చూశాను.

బావకు ఇంకా అర్థం కాలేదు. ఎంతో మర్యాదగా తెర ఆమెవైపు తిప్పి చూపించాడు. పేరు రాజేశమే కదవ్వా, నిన్న వచ్చినట్టే ఉంది కదా అన్నాడు.

సత్యవ్వ తెర వైపు చూడలేదు. బావ మొహంలోకే చూసింది.

"పేరు గదే ఉంటే మనిషి గదే ఉంటడా కొడుకా?" అంది. "ఇంత పెద్ద పెట్టె పెట్టుకొని పేరొక్కటి చూసి ఊకుంటివా? మనిషిని చూడకపోతివా?"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై రెండేళ్ళలో నేను చూడని మొహం అది. ఎర్రబడినవి మూడే. ఎర్రబడకుండా తప్పుగా ఉన్నవి ఎన్నో ఎవరికి తెలుసు. తెరను నమ్మడానికి లేదు. ఒక్కటే మార్గం. బావ లేచాడు. లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. నాలుగు తెల్లకాయితాలు, ఒక పెన్ను తీసుకుని మెట్ల మీదికి పరుగెత్తాడు. ఎడమకాలి చెప్పు మొదటి మలుపులోనే జారిపోయింది, దానికోసం ఆగలేదు. నలభై ఎనిమిది గదులు, మూడు అంతస్తులు, ప్రతి తలుపూ కొట్టాడు. మీ పేరేంది, ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, తప్పు నాదే, మిమ్మల్ని కదిలియ్యను, పండుకోండి. ఆ గొంతు పై నుంచి మాకు వినపడుతూనే ఉంది. అక్క నా చెయ్యి పట్టుకుని, గీయన మీ బావేనా తమ్మీ అని అడిగింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

దిగి వచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పందొమ్మిది మంది రాజన్న పేరిటివాళ్ళు తేలారు. ఆ పందొమ్మిదిలో ఏడు గళ్ళు తప్పు. సత్యవ్వ ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆమె కొంగుతో కంట్లో నురగ తుడుచుకుని, ముందుగాల నీళ్ళు పోసుకోనియ్యి, తర్వాత మొక్కుదువు గానీ అంటూ పైకి పోయింది. సౌమ్యకు ఫోన్ కలిపి, నువ్వు చెప్పిందే కరెక్ట్ బిడ్డా అని, ఆమె చెబుతుంటే ఆ ఒక్క వరుస మార్చాడు. పేరు కాదు, బుకింగ్ నంబరు చూడాలి. నిమిషానికోసారి చూడాలి. ఏడు గళ్ళు ఒక్కసారి మెరిసి సరైపోయాయి. సంజీవ్ ఇదంతా చేతులు కట్టుకుని చూశాడు. రేపు చెబుతానని వెళ్ళిపోయాడు.

బావ లాడ్జి బయటి మెట్ల మీద కూర్చున్నాడు. అక్క పై మెట్టు మీద కూర్చుని నీళ్ళ సీసా అందించింది. నేను పక్కన నిలబడ్డాను, వెళ్ళిపోవాలని తోచలేదు. బావ నీళ్ళు తాగి, టికెట్ తెచ్చినవా అని అడిగాడు. తెచ్చినని కవరు ఇచ్చింది. సంజీవ్ ఏమంటాడో తెలియదు, ఎట్ల చేద్దామన్నాడు బావ. నీ ఇష్టం అంది అక్క. బావ ఆ మాట విన్నాడు, కవరు జేబులో పెట్టుకోబోయాడు. ఎన్నేళ్ళుగానో వాళ్ళింట్లో అన్ని తీర్మానాలూ అక్కడితోనే ముగిసేవి. కానీ చెయ్యి జేబు దాకా పోయి ఆగింది. మెట్టు మీదే వెనక్కి తిరిగి అక్క మొహంలోకి చూశాడు.

"నా ఇష్టం కాదు. నీకెట్లుంది?"

"నాకేముంది, మంచిదే."

"ఏం మంచిది? చెప్పు."

అక్క గొంతు పెంచకుండా మాట్లాడింది.

"తొమ్మిదేండ్లు ప్రతి శుక్రవారం ఫోన్ జేసి మంచిదేనా అన్నవ్. మంచిదే అన్న. పిల్లకు డెంగీ అచ్చి దవాఖానల ఉన్ననాడు గూడ మంచిదే అన్న. నా కడుపుల గడ్డ తీసిననాడు మంచిదే అన్న. నువ్వు గా ఒక్క మాట ఇని ఫోన్ పెడ్తివి. నువ్వు పోవుడు నాకప్పుడు ఇష్టం లేకుండె. ఇప్పుడు గూడ లేదు."

"మరి చెప్పకపోతివి."

"నువ్వు మళ్ళ అడగకపోతివి."

ఆపరేషన్ సంగతి నాకు తెలుసు. దవాఖానలో సంతకం పెట్టింది నేనే, మీ బావకు చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుంది. అంత దూరంలో ఉన్న మనిషి ఊరికే బాధపడతాడని ఆమె భయం. బావ మీద నాకున్న కోపం ఆ రోజు రెట్టింపైంది, అదే ఇన్నాళ్ళూ మోస్తున్నాను. ఇప్పుడు ఆయన మొహం చూస్తే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బావ ఫోన్ తీసి లతీఫ్ భాయ్‌కి కలిపాడు. నేను పోను భాయ్, మాఫ్ చెయ్ అన్నాడు. ఉద్యోగం పక్కా అయిందా అని అవతల అడిగినట్టున్నాడు. తెల్వదు భాయ్, ఇంకా తెల్వదు అన్నాడు. సంజీవ్ మర్నాడు పొద్దున పిలిచి ఆయనను పక్కా చేశాడు, పక్కన ఒక రిజిస్టరు కూడా ఉంచాలనే షరతు మీద. కానీ ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ఫోన్ పెట్టేసి బావ అక్క పక్కకు జరిగి కూర్చున్నాడు. మొదటి శుక్రవారం నుంచి చెప్పమన్నాడు. అన్నీనా అంది అక్క. అన్నీ అన్నాడు బావ. నా బస్సుకు టైమైంది, డ్రైవర్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. పోతానని చెబితే ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు. రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూస్తే, అక్క చేతులు తిప్పుతూ ఏదో చెబుతూనే ఉంది, బావ నోరు తెరుచుకుని వింటూనే ఉన్నాడు. ఆ రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఎందాకా వచ్చిందని అడిగాను. ఇంకా రెండో శుక్రవారంలోనే ఉన్నారట.